వాన, ఘాట్ రోడ్డు, మొరం బాట: ట్రాక్షన్ కంట్రోల్ ఎక్కడ ఎంత ఉంచాలి?

అరకుదారి (విజయనగరం, వెర్సిస్ 650)

సభ్యులందరికీ నమస్కారం. ఈ మధ్యే 2022 నాటి కవాసాకి వెర్సిస్ 650 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇంతకుముందు నేను నడిపిన బండ్లలో దేనికీ ట్రాక్షన్ కంట్రోల్ (వెనుక చక్రం జారితే ఇంజిన్ బలాన్ని తానే తగ్గించే ఏర్పాటు) లేదు. ఇందులో కేటీఆర్‌సీ పేరుతో అది ఉంది. ఒకటి, రెండు అని రెండు స్థాయులు, వాటితో పాటు పూర్తిగా ఆపేసుకునే వీలు కూడా ఉన్నాయి. ఒకటిలో అది తక్కువగా, రెండులో ముందుగానూ గట్టిగానూ కలగజేసుకుంటుందని పుస్తకంలో రాశారు కానీ, మన రోడ్ల మీద ఎక్కడ ఏది ఉంచాలన్నది ఆ పుస్తకం చదివితే తేలే సంగతి కాదు.

నేను తిరిగే దారులు మూడు రకాలు. రోజూ విశాఖ వైపు వెళ్లే పెద్ద రోడ్డు, సెలవు దొరికితే శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్, పండుగలకు మా ఊరికి వెళ్లేటప్పుడు పొలాల మధ్య నుంచి పోయే సన్నని తారు రోడ్డు. వానలు మొదలయ్యాయి. వెనుక నా భార్య కూర్చుంటుంది, రెండు పక్కలా సామాను పెట్టెలు ఉంటాయి. ఈ మూడు చోట్లా ఏ స్థాయి ఉంచాలో, ఎందుకు ఉంచాలో అనుభవం ఉన్నవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను.

చైన్‌స్ప్రాకెట్ (విజయవాడ, సర్వీసు పని)

అరకుదారి గారూ, స్థాయి సంగతికి వెళ్లే ముందు అది దేన్ని చూసి పని చేస్తుందో తెలిస్తే సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి. రెండు చక్రాల దగ్గర ఏబీఎస్ (బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) కోసం పెట్టిన స్పీడ్ సెన్సార్లే దీనికీ ఆధారం. వెనుక చక్రం ముందు చక్రం కంటే ఒక హద్దుకు మించి వేగంగా తిరిగితే అది జారుతోందని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) లెక్క కట్టి, ఇగ్నిషన్‌ను కాస్త ఆలస్యం చేసో, పెట్రోలు తగ్గించో, రైడ్ బై వైర్ (థ్రాటిల్‌ను కేబుల్‌తో కాక కంప్యూటర్ ద్వారా తెరిచే ఏర్పాటు) ఉన్న బండైతే థ్రాటిల్‌ను తానే కొంత మూసో వెనుక చక్రానికి వెళ్లే బలాన్ని తగ్గిస్తుంది. స్థాయి మార్చడమంటే ముఖ్యంగా ఆ హద్దును ముందుకో వెనక్కో జరపడమే. చాలా కంపెనీల బండ్లలో అంకె పెరిగిన కొద్దీ జోక్యం పెరుగుతుంది. మీ వెర్సిస్‌లోనూ అంతే.

దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, ఇది మీరు థ్రాటిల్ తిప్పి ఉంచినప్పుడు, అదీ వెనుక చక్రం జారినప్పుడు మాత్రమే పనికివస్తుంది. ముందు చక్రం జారితే దీనికి చేయగలిగింది ఏమీ లేదు. బ్రేకు పట్టినప్పుడు చూసుకునేది ఏబీఎస్. వానాకాలంలో మా దగ్గరకు వచ్చే దెబ్బతిన్న బండ్ల యజమానులను అడిగితే, తడి రోడ్డు మీద మలుపులో ముందు బ్రేకు పట్టామనో, తెల్ల గీత మీద ముందు టైరు పక్కకు పోయిందనో చెబుతారు. అటువంటి చోట ట్రాక్షన్ కంట్రోల్ రెండులో ఉన్నా ఒకటిలో ఉన్నా తేడా రాదు. 125 సీసీ దాటిన బండ్లకు మన దేశంలో ఏబీఎస్ 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లకు, 2019 ఏప్రిల్ 1 నుంచి పాత మోడళ్లకు తప్పనిసరి అయింది కానీ, ట్రాక్షన్ కంట్రోల్‌కు అటువంటి నిబంధన లేదు. అందువల్ల ఒక్కో కంపెనీ దీన్ని ఒక్కో తీరుగా ఇస్తోంది.

మీటరులోని పసుపు దీపాన్ని చదవడం అలవాటు చేసుకోండి. బండి కదిలాక అది ఆరిపోవాలి. నడుస్తుండగా మిణుకుమిణుకుమంటే అది ఆ క్షణంలో పని చేస్తోందని అర్థం. ఆగకుండా వెలుగుతూ ఉంటే ఆపేసి ఉందని గానీ లోపం వచ్చిందని గానీ అర్థం. మీ దారిలో ఏ మలుపు దగ్గర, ఏ గేరులో ఉండగా అది మిణుకుమంటుందో గమనిస్తే, మేమంతా చెప్పేదానికన్నా ఎక్కువ అదే మీకు చెబుతుంది.

మొరంబాట (వికారాబాద్, కేటీఎం 390 అడ్వెంచర్)

చైన్‌స్ప్రాకెట్ గారు చెప్పిన హద్దు అనే మాట మట్టి మీదకు వచ్చేసరికి చాలా ముఖ్యమవుతుంది. తారు రోడ్డు మీద వెనుక టైరు కొద్దిగా జారితే చాలు, దాన్ని ఆపడమే మంచిది. మొరం మీద అలా కాదు. పైన పరిచిన గులకరాళ్ల పొరను టైరు కొంత తవ్వుకుని లోపలి గట్టి నేలను అందుకుంటే తప్ప బండి ముందుకు కదలదు, ఆ తవ్వడానికి చక్రం కొంత జారి తీరాలి. తారు రోడ్డు కోసం పెట్టిన హద్దుతో అనంతగిరి కొండల వెనుక మొరం ఎత్తు ఎక్కబోతే, టైరు తవ్వడం మొదలుపెట్టగానే ఇంజిన్ బలం తగ్గుతుంది, వేగం చచ్చిపోతుంది, బండి ఎత్తు మధ్యలో నిలబడిపోతుంది. సామానుతో ఉన్న బండిని అక్కడ నుంచి వెనక్కి దింపడం ఎంత ప్రమాదమో ఆ పరిస్థితిలో ఉన్నవారికే తెలుస్తుంది.

390 అడ్వెంచర్ 2020లో వచ్చినప్పుడు దానిలో ట్రాక్షన్ కంట్రోల్‌ను ఉంచడమో ఆపడమో తప్ప మధ్యే మార్గం లేదు. తర్వాతి మోడళ్లలో ఆఫ్‌రోడ్ మోడ్ ఇచ్చారు. అందులో వెనుక చక్రం జారడానికి ఎక్కువ వెసులుబాటు ఉంటుంది, కానీ మరీ హద్దు దాటితే మాత్రం అది చేయి అందిస్తుంది. మొరం మీద నేను ఉంచేది అదే. పూర్తిగా ఆపేది మెత్తని ఇసుకలోనూ లోతైన బురదలోనూ మాత్రమే.

అరకుదారి గారికి నా సూచన: మట్టి మీద ఒకటి, అది కూడా బండిని బిగబడుతుంటే ఆపేయండి. తారు మీదకు రాగానే మళ్లీ పెట్టుకోండి. చాలా బండ్లలో తాళం తీసి మళ్లీ పెడితే ఆపినది తిరిగి ఆన్ అవుతుంది కాబట్టి, టీ తాగడానికి ఆగి ఇంజిన్ కట్టేసిన ప్రతిసారీ బయలుదేరే ముందు మీటరు చూసుకోవాలి.

నల్లరేగడి (ఆదోని, హిమాలయన్ 450)

నా బండికి ట్రాక్షన్ కంట్రోల్ లేదు. ఎకో, పర్ఫార్మెన్స్ అనే మోడ్‌లు ఉన్నాయి, వెనుక చక్రానికి ఏబీఎస్ ఆపుకోవచ్చు, అంతే. అయినా ఈ చర్చలో ఒక మాట చెప్పాలనిపించింది.

మా వైపు నేల నల్లరేగడి. వాన పడ్డాక ఆ మట్టి టైరు గాళ్లన్నీ నింపేసి, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య పేరుకుని, కాసేపటికి చక్రాన్ని తిరగనివ్వదు. ముందు చక్రం మట్టితో బిగుసుకుని జారుతూ పోతుంటే, వెనుక చక్రం తిరుగుతుంటే, ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండిలో ఆ కంప్యూటర్‌కు కనిపించేది వెనుక చక్రం విపరీతంగా జారుతోందనే. అది ఇంజిన్‌ను పూర్తిగా నొక్కేస్తుంది. నా మిత్రుడి బండితో పత్తి చేల మధ్య బండ్ల బాటలో సరిగ్గా ఇదే జరిగింది. థ్రాటిల్ ఎంత తిప్పినా ఇంజిన్ గుర్రుమంటుందే తప్ప కదలలేదు, ఆపేసిన తర్వాతే బయటకు వచ్చింది. కాబట్టి రేగడిలో దిగక తప్పనిసరైతే ముందే ఆపేయాలి. అంతకన్నా మంచిది, రేగడి తడిసి ఉన్నప్పుడు ఆ బాటలోకి దిగకపోవడం. దానికి ఏ కంపెనీ ఏ స్థాయి ఇచ్చినా సరిపోదు.

రెండో విషయం, ట్రాక్షన్ కంట్రోల్ లేని బండిని ఇన్నేళ్లూ మనమంతా వానలో నడిపాం కదా. టైరులో గాళ్లు ఎంత మిగిలాయి, గాలి ఎంత ఉంది, థ్రాటిల్ ఎంత నెమ్మదిగా తిప్పుతున్నాం అన్న మూడూ సరిగ్గా ఉంటే ఆ దీపం మిణుకుమనే అవసరమే రాదు.

అరకుదారి

ముగ్గురికీ ధన్యవాదాలు. చైన్‌స్ప్రాకెట్ గారు చెప్పినట్టు దీపాన్ని గమనిస్తూ ఆదివారం ఘాట్ ఎక్కాను. వర్షం లేదు కానీ రోడ్డు తడిగా ఉంది. స్థాయి రెండులో ఉంచాను. పెద్ద రోడ్డు మీద ఒక్కసారి కూడా మిణుకుమనలేదు. ఘాట్‌లో మాత్రం బాగా వంపు తిరిగిన ఒక ఎత్తు మలుపులో, మొదటి గేరులో, వెనుక మనిషితో ఎక్కుతుండగా దీపం వెలిగి ఇంజిన్ ఒక్క క్షణం నీరసించింది. బండి పక్కకు వాలి ఉండగా బలం తగ్గడంతో అది లోపలి వైపుకు ఒరిగిపోతుందేమోనన్న భయం కలిగింది. కాలు ఆన్చకుండానే సర్దుకున్నాను. తడి రోడ్డు మీద ఎక్కువ స్థాయే క్షేమం అనుకున్న నాకు ఇది ప్రశ్నగా మిగిలింది: ఇటువంటి మలుపుల్లో ఒకటికి మార్చాలా?

కాఫీతోట (అరకు దారిలోని అనంతగిరి)

అరకుదారి గారూ, నేను ఆ ఘాట్ మీదే ఉంటాను, రోజూ పైకీ కిందికీ తిరుగుతాను. మీరు చెప్పిన తీరును బట్టి అది మలుపు లోపలి అంచున తారు లేచి, కంకర తేలిన చోటు అయి ఉంటుంది. ఆ ఘాట్‌లో వానాకాలం రోడ్డు ఒకే తీరుగా ఉండదు. ఎండ తగిలే వైపు తారు గంటలో ఆరిపోతే, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఉన్న మలుపు మధ్యాహ్నం దాకా చెమ్మగానే ఉంటుంది. రాలిన ఆకులు తడిసి తారుకు అతుక్కుని, వాటి మీద లారీల చక్రాలు తిరిగి తిరిగి జిగురు పొరలాగా తయారవుతాయి. కొండ మీద నుంచి జారిన ఎర్రమట్టి నీళ్లు రోడ్డుకు అడ్డంగా పారిన చోట సన్నని ఒండ్రు మిగులుతుంది, అది ఆరాక కూడా పొడిలాగా జారుతుంది. గాలికొండ దగ్గర మంచు పడితే ఇవేవీ దూరం నుంచి కనిపించవు.

ఇన్ని రకాల నేల కొద్ది దూరంలోనే మారుతుంటే మలుపు మలుపుకూ స్థాయి మార్చడం కుదరదు, మార్చబోయి చూపు మీటరు మీదకు పోవడం మరింత ప్రమాదం. అందుకని ఘాట్ మొదలయ్యే ముందే ఒక స్థాయి నిర్ణయించుకోవాలి, అది రెండే కావాలి అన్నది నా గట్టి అభిప్రాయం. మీ మలుపులో మార్చవలసింది స్థాయిని కాదు, గేరును. వెర్సిస్ వంటి బలమైన ట్విన్ ఇంజిన్‌ను ఎత్తు మలుపులో మొదటి గేరులో పెడితే, చేయి కొద్దిగా కదిలినా వెనుక చక్రానికి ఒక్కసారిగా బలం వెళ్లి అది జారుతుంది, దాంతో ట్రాక్షన్ కంట్రోల్ రంగంలోకి దిగుతుంది. రెండో గేరులో, మలుపుకు ముందే వేగం సరిచూసుకుని, థ్రాటిల్‌ను ఒకే తీరుగా పట్టుకుని ఎక్కితే దానికి దిగవలసిన పని ఉండదు.

మొరంబాట

కాఫీతోట గారితో ఇక్కడ కొంత విభేదిస్తున్నాను. రెండో గేరు సూచన సరైనదే. కానీ వెనుక మనిషి, సామాను, నిట్టనిలువు ఎత్తు, నడిచే వేగం, పూర్తిగా తిప్పిన హ్యాండిల్ అన్నీ కలిసినప్పుడు, బండి నిలబడి ఉండేది ఇంజిన్ ఇచ్చే నిరంతరమైన లాగుడు వల్లనే. ఆ లాగుడు మధ్యలో తెగితే బండి వేగం అందుకోలేక లోపలికి పడిపోతుంది. ఆ వేగంలో వెనుక టైరు జానెడు పక్కకు జరిగితే వచ్చే నష్టం కంటే, ఇంజిన్ ఒక్క క్షణం ఆగితే వచ్చే నష్టమే ఎక్కువ. కాబట్టి పొడి వాతావరణంలో ఘాట్ ఎక్కేటప్పుడు ఒకటి, వర్షంలో రెండు అన్నది నా పద్ధతి. దిగేటప్పుడు ఏది ఉన్నా ఒకటే, ఎందుకంటే దిగేటప్పుడు థ్రాటిల్ మూసే ఉంటుంది.

కాఫీతోట

పొడి రోడ్డు మీద ఒకటి అంటే నాకు అభ్యంతరం లేదు. మా ఘాట్‌లో వానాకాలంలో మొత్తం పొడిగా ఉన్న రోజు దొరకదు అన్నదే నా మాట. దిగేటప్పుడు ఏది ఉన్నా ఒకటే అన్నది మాత్రం కొత్తవారు జాగ్రత్తగా చదవాలి. తడి దిగుడులో ఒకేసారి రెండు గేర్లు తగ్గించి క్లచ్ టక్కున వదిలితే ఇంజిన్ బ్రేకింగ్‌కే (థ్రాటిల్ మూసినప్పుడు ఇంజిన్ చక్రాన్ని పట్టి ఆపడానికే) వెనుక చక్రం బిగుసుకుని పక్కకు లాగుతుంది. మామూలు ట్రాక్షన్ కంట్రోల్ దాన్ని ఆపదు. స్లిప్పర్ క్లచ్ (గేరు తగ్గించినప్పుడు కొంత జారి ఆ కుదుపును తగ్గించే క్లచ్) ఉన్న బండిలో కొంత మేలు. ఆ పని కోసమే ప్రత్యేకంగా ఇంజిన్ బ్రేకింగ్‌ను సర్దే ఏర్పాటు పెద్ద బండ్లలో కొన్నింటికే ఉంటుంది. మనం చేయగలిగింది ఒక్కో గేరు మాత్రమే తగ్గించుకుంటూ దిగడం.

చైన్‌స్ప్రాకెట్

వాలి ఉన్నప్పుడు దీపం ఎందుకు త్వరగా వెలుగుతుందో ఒక కారణం చెబుతాను. బండి నిటారుగా ఉన్నప్పుడు టైరు మధ్య భాగం మీద నడుస్తుంది. వాలినప్పుడు అంచు మీదకు వస్తుంది, అంచు దగ్గర టైరు చుట్టుకొలత తక్కువ. మీ బండికి ముందు 120, వెనుక 160 వెడల్పు టైర్లు. వెడల్పైన టైరుకు ఈ తగ్గుదల ఎక్కువ కాబట్టి, ఏ జారుడూ లేకపోయినా వాలినప్పుడు వెనుక చక్రం ముందు దానికన్నా కొద్దిగా ఎక్కువ తిరగాల్సి వస్తుంది. కంపెనీలు దీనికి కొంత వెసులుబాటు ముందే ఉంచుతాయి, కానీ వంపును కొలిచే ఐఎంయూ లేని బండికి ఇది జారుడో వంపో తేల్చుకోవడం కష్టం. 2013లో కేటీఎం 1190 అడ్వెంచర్ మీద బాష్ తెచ్చిన వ్యవస్థ మొదలుకొని ఇవాళ మన దగ్గర అపాచీ ఆర్‌టీఆర్ 310కి అదనంగా తీసుకోగలిగే ఏర్పాటు వరకు, ఐఎంయూ పెట్టడం వల్ల వచ్చే అసలు లాభం ఇదే. బండి ఎంత వాలి ఉందో తెలిస్తే అది తొందరపడి బలం కోయదు, అవసరమైన చోట ముందే జాగ్రత్తపడుతుంది.

కాలేజీరోడ్డు (గుంటూరు, యమహా ఆర్15 వీ4)

పెద్దలందరికీ నమస్కారం. నా 155 సీసీ బండికి కూడా ట్రాక్షన్ కంట్రోల్ ఉంది. మా స్నేహితులు అది ఉంటే పికప్ తగ్గుతుంది, మైలేజీ తగ్గుతుంది, ఆపేయమంటున్నారు. ఇంత చిన్న ఇంజిన్‌కు నిజంగా దాని అవసరం ఉందా? స్పీడు బ్రేకర్ దాటిన ప్రతిసారీ థ్రాటిల్ తిప్పితే కొద్దిగా కుదుపు కూడా వస్తోంది.

చైన్‌స్ప్రాకెట్

తమ్ముడూ, చక్రం జారనంత సేపు అది ఇంజిన్‌ను ముట్టుకోదు, కాబట్టి పికప్‌కూ మైలేజీకీ దానితో సంబంధం లేదు. పొడి తారు మీద 155 సీసీ ఇంజిన్ వెనుక చక్రాన్ని జార్చడం అరుదు, అది నిజమే. కానీ వర్షంలో మ్యాన్‌హోల్ మూత మీదా, రైల్వే గేటు దగ్గర పట్టాల మీదా, జీబ్రా గీతల పెయింటు మీదా గేరు వేసి లాగితే చిన్న ఇంజిన్ కూడా జారుస్తుంది. అలాంటి చోట్ల అది నిన్ను కాపాడుతుంది. ఉంచుకో.

స్పీడు బ్రేకర్ దగ్గర కుదుపుకు కారణం వేరు. దూకుడుగా దాటినప్పుడు చక్రం క్షణకాలం నేలను వదులుతుంది. ఆ క్షణంలో థ్రాటిల్ తిప్పి ఉంటే వెనుక చక్రం గాలిలో వేగం పుంజుకుంటుంది, వ్యవస్థ దాన్ని జారుడుగా లెక్కించి ఇంజిన్ బలం కోస్తుంది. నీ బండిలో అది ఇగ్నిషన్, పెట్రోలు తగ్గించి పని చేస్తుంది కాబట్టి రైడ్ బై వైర్ బండ్లలో ఉన్నంత మెత్తగా ఉండదు, కుదుపుగా తెలుస్తుంది. బ్రేకర్ మీద థ్రాటిల్ మూసి, దాటిన తర్వాత తిప్పితే ఆ కుదుపు రాదు.

వరిగట్టు (కరీంనగర్ దగ్గర పల్లె, హైనెస్ సీబీ350)

అరకుదారి గారు అడిగిన మూడో దారి, పొలాల మధ్య రోడ్డు గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. నా హోండాలో ఉన్నది ఆన్, ఆఫ్ రెండే. నేను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాను, కానీ దాన్ని నమ్ముకుని మాత్రం నడపను. ఎందుకో చెబుతాను.

నాట్ల సమయంలో కేజ్‌వీల్స్ వేసిన ట్రాక్టర్లు మడిలో నుంచి రోడ్డెక్కినప్పుడు బురద గడ్డలు రాలుతాయి. అది తడిగా ఉన్నప్పుడు సబ్బులా జారే పొర, ఆరాక గట్టి గడ్డ. తడిపొర మీద ట్రాక్షన్ కంట్రోల్ ఆన్‌లో ఉండడం మేలే, వెనుక చక్రం పక్కకు కొట్టకుండా చూస్తుంది. కానీ ఆ పొర ముందుగా తగిలేది ముందు టైరుకు, కాబట్టి అక్కడ చేయవలసింది బండిని నిటారుగా ఉంచి, బ్రేకు ముట్టుకోకుండా, థ్రాటిల్ కదల్చకుండా దాటడం.

కోతల తర్వాత రోడ్డు మీద వడ్లు ఆరబోయడం అన్నింటికన్నా ప్రమాదకరం. రోడ్డు సగం వరకు గింజలు పోసి, అంచున రాళ్లు పేరుస్తారు. సాయంత్రానికి వాటి మీద టార్పాలిన్లు కప్పుతారు. గాలికీ బండ్ల తాకిడికీ గింజలు మిగిలిన సగం మీదకు కూడా వస్తాయి. గింజలు టైరు కింద దొర్లుతాయి కాబట్టి తవ్వి పట్టు అందుకోవడం అనే మాటే లేదు, ఏ స్థాయి ఉంచినా రెండు చక్రాలకూ పట్టు ఉండదు. మక్కలు పోసిన చోట ఇంకా కష్టం. రాత్రిపూట నల్ల టార్పాలిన్, నల్ల రాళ్లు, నల్ల తారు ఒక్కటిగానే కనిపిస్తాయి. కోతల కాలంలో చీకటి పడ్డాక పల్లె రోడ్ల మీద వేగం సగానికి తగ్గించండి అన్నదే నేను చెప్పగల సెట్టింగ్. రైతును తప్పుపట్టడం లేదు, కల్లాలకు చోటు లేకనే రోడ్డు మీదకు వస్తున్నారు.

నల్లరేగడి

వరిగట్టు గారూ, చాలా అవసరమైన మాట రాశారు. మా వైపు వేరుశనగ కట్టె, కంది కట్టె కూడా బండ్ల కింద నలగడానికి రోడ్డు మీద పరుస్తారు. ఆ కట్టె చైన్‌లోనూ చక్రంలోనూ చుట్టుకోవడం ఇంకొక ప్రమాదం. సెన్సార్ దగ్గర ఇరుక్కుంటే ఏబీఎస్ దీపం, ట్రాక్షన్ కంట్రోల్ దీపం రెండూ ఒకేసారి వెలుగుతాయి.

మంచుదారి (హైదరాబాద్, వీస్ట్రామ్ 800డీఈ)

లడఖ్ వెళ్లే మన తెలుగువారు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడి సంగతి క్లుప్తంగా చెబుతాను. నా బండిలో మూడు స్థాయులు కాక, కంకర కోసం జీ మోడ్ విడిగా ఉంది, పూర్తిగా ఆపేయడం కూడా కుదురుతుంది. పాస్‌లు (కొండ కనుమలు) ఎక్కేటప్పుడు తారు పోయి కంకర మిగిలిన రోడ్ల మీద జీ మోడ్ చక్కగా సరిపోతుంది. నుబ్రాలో హుండర్ దగ్గర ఇసుకలో దిగితే పూర్తిగా ఆపేయాలి, ఎందుకంటే ఇసుకలో చక్రం తిరుగుతూ ఉంటేనే బండి పైకి తేలుతుంది, ఆగితే అక్కడే కూరుకుపోతుంది. వాగులు దాటేటప్పుడు కూడా నేను ఆపేస్తాను. అడుగున గుండ్రాళ్ల మీద వెనుక చక్రం జారినప్పుడల్లా ఇంజిన్ నీరసిస్తే నీళ్ల మధ్యలో ఆగిపోతాం. మధ్యాహ్నానికి మంచు కరిగి వాగుల్లో నీరు పెరుగుతుంది కాబట్టి ఉదయమే దాటడం అన్నది ఏ సెట్టింగ్ కన్నా ముఖ్యం.

ఉదయాన్నే నీడలో ఉన్న మలుపుల్లో నీరు గడ్డకట్టి సన్నని అద్దంలా ఉంటే దాని మీద ఎక్కువ స్థాయి ఉంచండి, కానీ అక్కడ ముందు టైరుకు కూడా పట్టు ఉండదు. ఎండ వచ్చే దాకా ఆగడం మంచిది.

ఒక విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. కొన్ని బండ్లలో ఆఫ్‌రోడ్ మోడ్ పెడితే ట్రాక్షన్ కంట్రోల్‌తో పాటు ఏబీఎస్ కూడా మారుతుంది. ట్రయంఫ్ స్క్రాంబ్లర్ 400 ఎక్స్ అందుకు ఉదాహరణ. మట్టి దాటి తారు మీదకు వచ్చాక ఆ మోడ్ మార్చకపోతే, తడి రోడ్డు మీద అవసరమైనప్పుడు ఏబీఎస్ కూడా ఉండదు.

కాలేజీరోడ్డు

మంచుదారి గారూ, ఇంకొక సందేహం. మా మిత్రుడి పల్సర్ ఎన్ఎస్400జెడ్‌లో రోడ్, రెయిన్, స్పోర్ట్, ఆఫ్‌రోడ్ అని నాలుగు మోడ్‌లు ఉన్నాయి. రెయిన్ మోడ్ పెట్టడం, ట్రాక్షన్ కంట్రోల్ ఎక్కువ పెట్టడం ఒకటేనా?

మంచుదారి

ఒకటి కాదు. రెయిన్ మోడ్ ముందే థ్రాటిల్‌ను మెత్తబరుస్తుంది, చేయి ఎంత తిప్పినా ఇంజిన్ నెమ్మదిగా స్పందిస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ జారిన తర్వాత కలగజేసుకుంటుంది. 400 సీసీ స్థాయి బండ్లలో, వర్షంలో నిజమైన మేలు చేసేది నా ఉద్దేశంలో రెయిన్ మోడే, ఎందుకంటే జారకుండా చూడడం జారాక ఆపడం కంటే ఎప్పుడూ నయం. రెండూ ఉన్న బండిలో రెండూ వాడాలి.

చైన్‌స్ప్రాకెట్

నిర్వహణ గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మొదటిది, కంపెనీ చెప్పిన కొలత టైర్లే వేయించండి. వెనుక టైరు ఒక్కటే వేరే కొలతది వేస్తే రెండు చక్రాల లెక్క మారిపోయి, దీపం అనవసరంగా వెలగడమో, అవసరమైనప్పుడు ఆలస్యం కావడమో జరుగుతుంది. గాలి కూడా రెండింటిలో చెప్పినంత ఉండాలి. రెండోది, సెంటర్ స్టాండ్ మీద బండి పెట్టి, గేరు వేసి, వెనుక చక్రం తిప్పుతూ చైన్‌కు నూనె వేసే అలవాటు చాలామందికి ఉంది. వేళ్లు పోయే ప్రమాదం అలా ఉంచి, ముందు చక్రం ఆగి వెనుకది తిరుగుతుంటే ట్రాక్షన్ కంట్రోల్ దీపం, ఏబీఎస్ దీపం వెలిగి ఉండిపోతాయి. తాళం తీసి, మళ్లీ పెట్టి, కొంత దూరం నడిపితే చాలావరకు ఆరిపోతాయి. అప్పటికీ ఆరకపోతే సెన్సార్ మీద మట్టి ఉందేమో, చక్రానికి ఉన్న రింగు వంగిందేమో చూడాలి. చైన్‌కు నూనె వేసేటప్పుడు ఇంజిన్ ఆపి, చేత్తో చక్రం తిప్పండి.

అరకుదారి

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ కలిపి చూసుకుని ఇలా నిర్ణయించుకున్నాను. రోజువారీ పెద్ద రోడ్డు మీద, వర్షం ఉన్నా లేకపోయినా రెండు. వానాకాలం ఘాట్‌లో కూడా రెండే, కానీ ఎత్తు మలుపులు రెండో గేరులో. చలికాలంలో రోడ్డంతా ఆరాక వెనుక మనిషితో ఎక్కేటప్పుడు మొరంబాట గారి మాట ప్రకారం ఒకటి పెట్టి చూస్తాను. మా ఊరి రోడ్డు మీద రెండు ఉంచి, బురద కనిపిస్తే వేగం తగ్గించుకుంటాను. మట్టి బాటలో దిగవలసి వస్తే ముందు ఒకటి, బిగబడితే ఆపేయడం.

నా వెనుక టైరు సగం అరిగింది. వానాకాలం పోయే దాకా దాంతోనే నడపవచ్చా, ఇప్పుడే మార్చాలా?

చైన్‌స్ప్రాకెట్

టైరు గాడిలో అరుగుదల గుర్తు చిన్న దిమ్మలా ఉంటుంది, పక్క గోడ మీద ఉన్న త్రికోణం గుర్తుకు సూటిగా గాళ్లలో చూస్తే కనిపిస్తుంది. గాడి లోతు దానికి దగ్గర పడితే ఆలోచించకుండా మార్చండి. ఇంకా సగం ఉంటే లోతుతో పాటు టైరు వయసు కూడా చూడండి. పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి 2022తో వచ్చిన టైరే అయి ఉండవచ్చు. ఎండలో నిలబడి రబ్బరు గట్టిపడి, పక్కల సన్నని పగుళ్లు కనిపిస్తే, గాళ్లు ఎంత లోతు ఉన్నా వానాకాలం ఘాట్‌కు దానితో వెళ్లకండి. మధ్య భాగం బల్లపరుపుగా అరిగినా ఇప్పుడే మార్చండి, అలా అరిగిన టైరుతో మలుపులో బండి ఒకే తీరుగా వాలదు. ఈ వారం వీలు చూసుకుని రెండు టైర్ల ఫొటోలు, ఆ నాలుగు అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.